సత్వర నిర్ణయం – నైతిక బాధ్యత: అమ్రాబాద్ అడవుల నేపథ్యంలో ఒక పరిశీలన

ఆలోచనకు వ్యవధి లేని క్షణంలో తీసుకున్న నిర్ణయానికి నైతిక బాధ్యత ఎంతవరకు వర్తిస్తుంది? సాయుధ దళాల విషయంలో ఈ ప్రశ్నకు ‘వ్యవధి లేదు’ అన్నదే తరచుగా వినిపించే సమాధానం. అది ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్య తరువాత తెలంగాణ సాయుధ పోరాట స్వరూపం మారింది. మైదాన గ్రామాలలో నిలవడం కష్టమైన గెరిల్లా దళాలు కొన్ని అమ్రాబాద్ పరిసరాల నల్లమల అడవులకు తరలాయి. దళాలకు ఊళ్లు తెలుసు, అడవి కొత్త. నీటి ఊటలు, జంతువుల బాటలు, కొండచరియలు దిగే దారులు తరతరాలుగా తెలిసినవారు చెంచులు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ 1980లలో అగ్నిమాపక దళనాయకులను అధ్యయనం చేశాడు. అనుభవజ్ఞులు పలు మార్గాలను పక్కపక్కన పెట్టి తూచరని, పరిస్థితిని పోల్చుకొని, తట్టిన మొదటి మార్గాన్ని మనసులో నడిపి చూసి ఆచరిస్తారని ఆయన గుర్తించాడు. అంటే సత్వర నిర్ణయం వెనుక దీర్ఘకాలపు అభ్యాసం ఉంటుంది. అడవిలో ఆ అభ్యాసం కొంతవరకు అరువు తెచ్చుకున్నదే. దళం రాత్రికి రాత్రి స్థావరం మార్చగలదు. చెంచు పెంట మార్చలేదు. గోదావరి అడవులలో ప్రభుత్వం కోయపల్లెలను శిబిరాలకు తరలించిన చరిత్ర ఈ భారం ఎవరిపై పడుతుందో చెబుతుంది.

అనుభవం ఒక్కటే ధర్మానికి హామీ కాదని సౌప్తికపర్వం నిరూపిస్తుంది. నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి అశ్వత్థామ క్షణంలో ఉపాయం గ్రహించాడు. తెల్లవారనిమ్మని, ధృతరాష్ట్ర గాంధారీ విదురులను సంప్రదించమని కృపుడు వారించాడు. అశ్వత్థామకు కొరవడింది యుద్ధనైపుణ్యం కాదు, కాలమూ కాదు. చేయరానిదేదో ముందే నిశ్చయించుకున్న హద్దు.

ముందస్తు సంప్రదింపు రహస్యాన్ని బయటపెడుతుందన్న ఆక్షేపణ ఉంది. అయితే రహస్యంగా ఉండవలసినవి సమయం, స్థలం. ఏది చేయకూడదన్న నియమానికి రహస్యంతో పనిలేదు. ఆ నియమం ప్రభుత్వ బలగాలకూ తిరుగుబాటు దళాలకూ సమానమే.

కాబట్టి బాధ్యతను ఆ ఒక్క క్షణంలోనే వెతకడం పొరపాటు. ఎవరి జ్ఞానంపై ఆధారపడుతున్నారో, ఎవరి ప్రాణాలను పణంగా పెడుతున్నారో ముందే ఆలోచించుకోవడంలో అది మొదలవుతుంది. జరిగినదానికి వారి ఎదుట జవాబు చెప్పడంలో పూర్తవుతుంది. క్షణానికి వ్యవధి ఉండకపోవచ్చు. దానికి ముందూ వెనుకా ఉన్న కాలానికి ఆ సాకు చెల్లదు.