పొరపాటు ఎవరి నెత్తిన పడాలి?

బీదవారికి సహాయం చేయాలనడంలో భిన్నాభిప్రాయం లేదు. బీదవారెవరో తేల్చేదెవరు, ఏ కొలతతో అన్నచోటనే రాజ్యం స్వభావం బయటపడుతుంది.

బ్రిటన్‌లో చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచుకోవడం విలాసం కాదు, ప్రాణావసరం. అందుకే 1997లో లేబర్ ప్రభుత్వం వృద్ధులకు శీతకాలపు ఇంధనభృతిని ఏర్పాటు చేసింది. 2024లో మళ్ళీ లేబర్ ప్రభుత్వమే ఇంగ్లండు, వేల్సులలో దానిని కత్తిరించింది. పెన్షన్ క్రెడిట్ వంటి, ఆదాయం చూసి యిచ్చే సహాయాలు పొందేవారికే ఇకమీదట భృతి అన్నది. ఒంటరి వృద్ధునికి ఆ క్రెడిట్ గీత అప్పట్లో వారానికి సుమారు 218 పౌన్లు. గీతకు కాస్త పైనున్నవారికి ఏటా ఇంటికి అందే 200 లేక 300 పౌన్లు ఆగిపోయాయి.

ఇంతకన్న అన్యాయం మరొకటి ఉన్నది. గీతకు దిగువనే ఉండి కూడా క్రెడిట్ పొందని కుటుంబాలు 8 లక్షల 80 వేల దాకా ఉండవచ్చునని ప్రభుత్వపు అంచనాయే చెప్పింది. అప్పటి దరఖాస్తులో 200కు మించిన ప్రశ్నలు! కొందరికి సంగతి తెలియదు, కొందరికి అభిమానం అడ్డువస్తుంది. ఆ అభిమానం వెనుక చరిత్ర ఉన్నది. 1834 నాటి బీదల చట్టం సూత్రం ప్రకారం, సహాయం పొందేవాని బ్రతుకు అట్టడుగు కూలివాని బ్రతుకుకన్న హీనంగా ఉండాలి. 1931లో భృతి గడువు తీరిన నిరుద్యోగుల ఇంటిల్లిపాది సంపాదననూ అధికారులు లెక్కగట్టారు. చేయి చాచేవాడు ముందు తల వంచాలన్నదే ఆ నీతి.

ధనికునికి కూడా గ్యాసు ఖర్చు ఇవ్వడమేమి న్యాయమని అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. కాని ఏ నియమమైనా కొంత పొరపాటు చేయక మానదు. అందరికీ ఇస్తే ఆ పొరపాటు ఖజానా మీద పడుతుంది, పన్నుతో దాన్ని సరిదిద్దుకోవచ్చు. ముందే వడగడితే అది వణికే ముసలమ్మ మీద పడుతుంది. జనవరిలో అనుభవించిన చలిని జూన్‌లో ఏ అధికారీ సరిదిద్దలేడు.

2025లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ముందు వృద్ధులకు భృతి యిచ్చి, ఏటా 35,000 పౌన్లకు మించి ఆదాయమున్నవారి నుండి పన్ను ద్వారా రాబట్టుకునే పద్ధతి పెట్టింది. ఇది సోషలిజం కాదు. ఇంధన కంపెనీల లాభాలు, చెమ్మపట్టిన అద్దెయిళ్ళు అట్లాగే ఉన్నాయి. అయినా రుజువు చేసుకునే భారం బలహీనుని భుజం దిగి రాజ్యం భుజం ఎక్కింది. అర్హత నియమం ఎక్కడ కనబడినా మనం ముందుగా వేయవలసిన ప్రశ్న ఇదే: ఇది తప్పితే దెబ్బ తగిలేదెవరికి?