మనోవ్యాధియు, పదవీయోగ్యతయు

ప్రజలు ఎన్నుకొనిన నాయకునికి గుండెజబ్బు వచ్చినచో జనులు జాలిపడుదురు. ఆసుపత్రికి పూలును, పండ్లును పంపుదురు. అదే నాయకునికి మనస్సునకు జబ్బు చేసినదని తెలిసినచో, "ఇతడు ఇంకను పదవిలో ఉండతగునా?" అను ప్రశ్న ఆ సాయంత్రమే పుట్టును. ఈ ప్రశ్నను కేవలము దురభిమానమని తోసివేయుటకు వీలులేదు. అధికారము వహించువానికి మొదటి పనిముట్టు బుద్ధియే గదా! కాని మనస్సు క్రుంగుటయు, బుద్ధి చెడుటయు ఒకటేనా? ముందుగా విచారింపవలసినది ఇదియే.

నార్వే దేశమున 1997 అక్టోబరులో షెల్ మాగ్నె బోందెవిక్ అనువారు ప్రధానమంత్రి అయిరి. 1998 ఆగస్టు చివరకు ఆయనకు పనిచేయు శక్తియే లేకపోయినది. నడుము నొప్పి యనియో, విషజ్వరమనియో చెప్పి తప్పించుకొనవచ్చును. ఏ దేశమునందైనను మంత్రుల కార్యాలయములకు అలవాటైన విద్యయే అది. ఆయన అట్లు చేయలేదు. తనకు మానసికమైన క్రుంగుబాటు కలిగినదని దేశమునకు తెలియజేసి, మూడు వారములకు పైగా సెలవు పుచ్చుకొనిరి. ఆ దినములలో ఆయన మంత్రివర్గములోని ఒక మహిళ ఆ బాధ్యతను వహించినది. ప్రభుత్వము పడిపోలేదు. ఆయన తిరిగివచ్చి 2000 మార్చి వరకు పాలించిరి. 2001 లో మరల ప్రధానియై నాలుగేండ్లు ఉండిరి.

అందరికిని ఇట్టి అదృష్టము పట్టలేదు. అమెరికాలో 1972 జూలైలో టామస్ ఈగల్టన్ అను సెనేటరు ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థిగా నిర్ణయింపబడిరి. 1960 - 1966 మధ్య ఆయన మూడు మారులు క్రుంగుబాటుతో ఆసుపత్రిలో చేరి, విద్యుత్ చికిత్స కూడ పొందియుండిరి. ఈ సంగతి ముందుగా చెప్పలేదు. అది బయటపడగానే, 18 దినములకే అభ్యర్థిత్వమును వదలుకొనవలసివచ్చినది. అయినను ఆయనను దగ్గరగా ఎరిగిన మిస్సోరీ రాష్ట్రపు ఓటర్లు 1974 లోను, 1980 లోను తిరిగి సెనేటునకు పంపిరి. దాచుట ఆయన దోషమే. చెప్పినచో బ్రతుకనీయని లోకమునకు ఆ దోషములో భాగము లేదనుట మాత్రము నాకు సమ్మతము కాదు.

ఇక చిక్కైన సందర్భము వేరొకటి కలదు. జబ్బుపడినవానికి తన జబ్బు తనకే తెలియనపుడు ఏమి చేయవలెను? అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సనుకు 1919 అక్టోబరు 2 వ తేదీన మెదడులో రక్తప్రసారము దెబ్బతిని, ఎడమ భాగము పడిపోయినది. భార్య ఎడిత్, వైద్యుడు గ్రేసన్ ఆ వ్యాధి తీవ్రతను దేశమునకు తెలియనీయలేదు. కాగితములు ఆమె ద్వారా లోపలికి పోయి, ఆమె ద్వారానే వెలుపలికి వచ్చుచుండెను. విదేశాంగమంత్రి లాన్సింగ్ తనంతట తాను మంత్రివర్గ సమావేశములు జరుపగా, 1920 ఫిబ్రవరిలో విల్సన్ ఆయన చేతనే రాజీనామా ఇప్పించెను. వెర్సేల్స్ సంధి సెనేటులో వీగిపోయినది ఆ నెలలలోనే. పదవీకాలము ముగియు వరకు, అనగా 1921 మార్చి వరకు, విల్సన్ అధ్యక్షుడుగానే ఉండెను.

ఇది మన కొట్లకు తెలియని సంగతి కాదు. పెద్దవారు మంచము పట్టినపుడు ఇనుపపెట్టె తాళములు, సంతకము చేయు అధికారము కొడుకునకో, భాగస్థునకో అప్పగింతురు. కోలుకొనిన పిమ్మట తిరిగి గద్దె మీద కూర్చుందురు. దానివలన ఎవరికిని పరువు తక్కువ లేదు. అట్లు గాక, గుమాస్తా చిట్టాను లోపలిగదికి తీసికొనిపోయి ఏదో సంతకముతో తెచ్చి, "అయ్యగారు కులాసాగానే ఉన్నారు" అని చెప్పుచుండినచో, ఆ సంతకమును నమ్మి సరకు పంపిన వాని గతి యేమి? అచట తప్పు రోగిది కాదు, గదికి కాపలా ఉన్నవారిది. ప్రేమతోనే అట్లు చేసిరని అనవచ్చును. ఎడిత్ విల్సను సంగతియు అంతే. కాని ఆ ప్రేమకు వెల చెల్లించినవారు వేరు.

చట్టములు ఈ భేదమును మెల్లగానే గ్రహించినవి. అధ్యక్షుడు అశక్తుడైనపుడు అధికారము ఉపాధ్యక్షునికి చేరు విధమును అమెరికా 1967 లో రాజ్యాంగపు ఇరువదియైదవ సవరణచేత ఏర్పరచుకొనినది. మానసిక వ్యాధితో ఆరు నెలలు నిర్బంధములో నున్న పార్లమెంటు సభ్యుని స్థానము పోవునను నియమమును బ్రిటన్ 2013 లో తీసివేసినది. మన రాజ్యాంగపు 102 వ అధికరణము ప్రకారము మతిస్థిమితము లేనివాడని తగిన న్యాయస్థానము ప్రకటించిననే సభ్యత్వము పోవును. కేవలము మానసిక వ్యాధి ఉన్నదని తేలినంత మాత్రమున అట్లు భావింపరాదని 2017 నాటి మన చట్టము స్పష్టము చేసినది. ఇంతవరకు మంచిదే. అయితే న్యాయస్థానము వరకు పోవుటకు ముందుగా, ఇంటివారో, వైద్యుడో, తోటి మంత్రియో ఎదుట నిలిచి, "అయ్యా, కొంతకాలము విశ్రాంతి తీసికొనుడు" అని చెప్పవలసిన దినము ఒకటి ఉండును. ఆ మాటకు ఏ చట్టమును బలవంతపెట్టజాలదు.

ఫ్రాన్సు అధ్యక్షుడు పోల్ దెషనెల్ 1920 మేలో ఒక రాత్రి, పోవుచున్న రైలులోనుండి రాత్రిదుస్తులతో క్రింద పడి, గేటు కాపలావాని ఇంటికి నడచి పోయిరి. పత్రికలు నవ్వినవి, పాటలు కట్టిరి. ఆరోగ్యము కుదుటపడకపోగా ఆయన సెప్టెంబరులో రాజీనామా ఇచ్చిరి. మరుసటి జనవరిలో, తాను బహుకాలము ప్రతినిధిగా నుండిన జిల్లావారే ఆయనను సెనేటునకు ఎన్నుకొనిరి.