హిమము కొరకు కనిపెట్టువారు

ధ్యాన భాగము: హబక్కూకు 2:1–4; 3:17–19



మన పరిశుద్ధ గ్రంథములో హిమము అను మాట అనేక చోట్ల వచ్చుచున్నది. అయినను మనలో అనేకులము దానిని కన్నులార చూచినవారము కాము. క్రిస్మసు దినములలో వేకువనే ఆరాధనకు పోవునపుడు పొలము గట్ల మీద మనము చూచు మంచు వేరు, ఈ హిమము వేరు. రెంటికిని మంచు అనియే అందుము గనుక ఒకటే యనుకొందుము. మనము చూచునది గడ్డి మీద నిలిచిన నీటి బిందువులును, నేలను కమ్ముకొను పొగమంచును మాత్రమే. హిమమైతే మేఘములలోనే గడ్డకట్టి, దూదిపింజలవలె నిశ్శబ్దముగా రాలి, రాత్రి గడచి తెల్లవారునప్పటికి దారులను, పొలములను, ఇండ్ల కప్పులను మూసివేయును. దానిని భూమి మీదికి పంపువాడు దేవుడే యని యోబు గ్రంథము 37వ అధ్యాయము తెలుపుచున్నది.

అమెరికా దేశపు ఈశాన్య ప్రాంతములో ఈ హిమము కొరకు ప్రతి చలికాలమును కనిపెట్టు సామాన్య జనులు కలరు. వారు వాతావరణ శాఖలో జీతము పుచ్చుకొను అధికారులు కారు. వారిలో రైతులు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, పని విరమించిన వృద్ధులు ఉన్నారు. నవంబరు మాసము రాగానే వారి కన్నులు ఆకాశము మీదనే యుండును. గోడకు తగిలించిన ఉష్ణమాపకమును చూతురు. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో చూతురు. వాయుభారము పడిపోవుచున్నదా అని చూతురు. తొలకరికి ముందు మన పెద్దలు అరుగు మీద కూర్చుండి, మృగశిర కార్తె వచ్చెను, మేఘము ఏది యని ఆకాశమును చూచినట్లే వారును చూతురు.

వారి ఎదురుచూపునకు కారణములు కలవు. శరత్కాలమున విత్తిన గోధుమ మొలకలను హిమము దుప్పటివలె కప్పి, కఠినమైన చలినుండి కాపాడును. కీర్తనకారుడు 147వ కీర్తనలో హిమమును గొఱ్ఱెబొచ్చుతో పోల్చుట ఎంత సత్యము! ఆ దేశపు పడమటి కొండలలో చలికాలమున పేరుకొనిన హిమమే వసంతమున కరిగి ఏరులై పారును. మన గోదావరి, కృష్ణా నదులు వానమీద ఆధారపడినట్లు అక్కడి నదులనేకము హిమము మీద ఆధారపడియున్నవి.

అయితే తన ఊరిలో హిమము పడునా లేదా అని ముందుగా చెప్పుట బహు కష్టము. చలికాలపు తుపానులు అట్లాంటిక్ సముద్ర తీరమును అనుసరించి ఉత్తరమునకు సాగును. భూమి వైపున చల్లని గాలియు, సముద్రము వైపున వెచ్చని గాలియు నుండును. పైనుండి పడునది వెచ్చని గాలిపొరగుండ వచ్చినయెడల కరిగి వర్షమగును. చల్లని గాలిలోనే వచ్చినయెడల హిమముగానే నేల చేరును. ఆ రెంటి నడుమ గీత తుపాను దారినిబట్టి కొద్ది మైళ్ళు ఇటో అటో జరుగును. ఒక ఊరిలో మోకాలిలోతు హిమము పడగా పొరుగూరిలో ఉత్త వాన కురియును.

ఆశ ఎక్కువై, తెలియునది తక్కువైనపుడు మనుష్యులు గురుతులు వెదకుదురు. ఆ దేశములో ఒక బొచ్చు పురుగు వంటిమీదనున్న గోధుమవర్ణపు పట్టీ వెడల్పును చూచి చలికాలమెట్లుండునో చెప్పువారున్నారు. పెన్సిల్వేనియా రాష్ట్రములోని పంక్సుటానీ అను ఊరిలో 1887వ సంవత్సరమునుండి ప్రతి ఫిబ్రవరి 2వ తేదీన, బొరియలో నిద్రించు ఒక జంతువు తన నీడను చూచెనా లేదా యని వేలాది జనులు వేడుకగా చూచుచున్నారు. ఇది జర్మనీ దేశమునుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు తెచ్చుకొనిన ఆచారము. ఆ తేదీ సంఘ చరిత్రలో పూర్వమునుండి బాలుడైన యేసును దేవాలయమునకు తెచ్చిన దానికి జ్ఞాపకార్థ దినము. ఇశ్రాయేలు ఆదరణకొరకు కనిపెట్టిన సుమెయోనును, అన్నయు జ్ఞాపకమునకు రావలసిన దినమున జనులు జంతువు నీడను చూచుచున్నారు. ఈ మాట మరల ఎత్తుదుము.

అయితే ఈ కనిపెట్టువారిలో శ్రేష్ఠులైనవారు గురుతులు చెప్పుటతో తృప్తినొందరు. వారు కొలుతురు. 1890లో అమెరికా ప్రభుత్వము చేసిన చట్టమువలన స్వచ్ఛంద పరిశీలకుల పద్ధతి దేశమంతట ఏర్పడినది. వారికంటె ఎంతో ముందు ఈ పని చేసినవాడు ఒక దైవసేవకుడు. జాన్ కాంపానియస్ హోమ్ అను స్వీడను దేశపు లూథరను బోధకుడు 1644, 1645 సంవత్సరములలో, ఇప్పటి డెలవేరు రాష్ట్రములోని విల్మింగ్టను ప్రాంతమున, చేత ఏ పరికరమును లేకయే దినదినము వాతావరణమును గమనించి వ్రాసిపెట్టెను. లూథరు చిన్న ప్రశ్నోత్తరిని అచ్చటి ఆదివాసుల భాషలోనికి మార్చినవాడును ఆయనయే. నమ్మకముగా పనిచేసిన స్వచ్ఛంద పరిశీలకులకు ఆ దేశపు వాతావరణ శాఖ ఆయన పేరిట బహుమానమిచ్చుచున్నది.

వారు కొలుచు విధము వినుడి. తెల్లని రంగు వేసిన చెక్కపలకను ఆరుబయట ఉంచెదరు. దానిమీద పడిన హిమమును ప్రతి ఉదయమును నియమిత సమయమున అంగుళములో పదియవ వంతు వరకు కొలిచి వ్రాసెదరు. కొలుచుటకు చాలనంత స్వల్పముగా రాలినయెడల దానికిని ఒక గురుతు కలదు. ఏమియు పడనియెడల సున్న వ్రాసెదరు.

సున్న ఎందుకు వ్రాయవలెనని మీరడుగుదురేమో. ఆ గడి ఖాళీగా విడిచినయెడల, ఆ దినమున హిమము పడలేదో, లేక పరిశీలకుడు చూడనే లేదో ఎవరికిని తెలియదు. సున్న వ్రాసినయెడల, చూచితిని, పడలేదు అని సాక్ష్యమిచ్చినట్లే. ప్రతి ఊరి లెక్కయు ఎంత అవసరమో 1997వ సంవత్సరము జూలై 28న కొలరాడో రాష్ట్రములోని ఫోర్ట్ కాలిన్సు పట్టణము నేర్చుకొనెను. ఊరి పడమటి ప్రక్క 14 అంగుళములకు మించిన వాన కురియగా, కొద్ది మైళ్ళ దూరములో తూర్పు ప్రక్క 2 అంగుళములైనను పడలేదు. వరదలో ఐదుగురు మరణించిరి. మరుసటి సంవత్సరము అక్కడ కోకోరాస్ అను స్వచ్ఛంద సంఘము పుట్టి, నేడు వేలాది పెరళ్ళలో వానను, వడగండ్లను, హిమమును కొలుచుచున్నది. వారును సున్నలను కోరి అడుగుచున్నారు.

ప్రియులారా, మన సంఘములలో సున్న వ్రాయుటకు స్థలమున్నదా? సాక్ష్యముల కూటము వచ్చినపుడు, జ్వరము పోయినదని ఒకరు, కుమారునికి ఉద్యోగము దొరికినదని ఒకరు లేచి చెప్పుదురు. దేవునికి స్తోత్రము, చెప్పవలసినదే. అయితే చాప చివరను కూర్చున్న ఆ సహోదరి సంగతి ఏమి? ఏడు సంవత్సరములనుండి త్రాగుబోతైన భర్త కొరకు ఆమె ప్రార్థించుచున్నది. ఆయన ఇంకను మారలేదు. ఆమె లేచి ఏమి చెప్పగలదు? చెప్పినయెడల, నీకు విశ్వాసము చాలదని అనువారు మనలో లేరా? అందుచేత ఆమె మౌనముగా నుండును. ఆమె గడి ఖాళీగా నుండును. ఆమె ప్రతి రాత్రియు కావలి కాచినదని సంఘమునకు తెలియనే తెలియదు.

మేమును ఈ విషయములో నిర్దోషులము కాము. గ్రామములలో జరిగిన కూటముల సమాచారము వ్రాయునపుడు, వచ్చినవారిని లెక్కింపకయే విస్తారమైన జనము కూడిరని వ్రాసిన సందర్భములు కలవు. వాన కురిసి పదిమందియే వచ్చిన రాత్రిని గూర్చి ఏమియు వ్రాయక విడిచితిమి. ఆ పదిమంది తడిసి వచ్చినవారు. ప్రభువు వారిని చూచెను. మేము వారిని లెక్కలోనికి తేలేదు. ఇందుకు మేము సిగ్గుపడుచున్నాము.

ఇప్పుడు హబక్కూకును చూడుడి. ఆయనయు కనిపెట్టువాడే. రెండవ అధ్యాయములో తన కావలి స్థలముమీద నిలిచి, దేవుడు ఏమి సెలవిచ్చునో యని చూచుచున్నాడు. ఆలస్యమైనను కనిపెట్టుమని దేవుడు ఆయనకు చెప్పెను. మూడవ అధ్యాయము చివరకు వచ్చునప్పటికి ఆయన చేతిలోని లెక్క ఏమి? అంజూరపు చెట్టున పూత లేదు. ద్రాక్షతీగెకు కాపు లేదు. ఒలీవ చెట్లవలన లాభము లేదు. పొలములో పంట లేదు. దొడ్డిలో గొఱ్ఱెలు లేవు. సాలలో పశువులు లేవు. ఆరు సున్నలు! ఒక్కటియైన ఆయన దాచిపెట్టలేదు. అవన్నియు వ్రాసిన తరువాతనే, అయినను నేను ప్రభువునందు ఆనందింతునని చెప్పుచున్నాడు. పంటను చూచి ఆనందించువాడు పంటతోకూడ ఆనందమును పోగొట్టుకొనును. ప్రభువునందు ఆనందించువాడు సున్నను వ్రాయుటకు భయపడడు.

ఆ పరిశీలకులు చేయు మరియొక పని కలదు. హిమము ఎంత ఎత్తు పడినదో కొలుచుటతో ఊరకుండక, దానిని కరిగించి అందులోని నీటిని కొలుతురు. సామాన్యముగా 10 అంగుళముల హిమము కరిగిన 1 అంగుళము నీరు వచ్చును. పొడిగానున్న హిమమైతే అంతయు రాదు. చూచుటకు కొండంత, కరిగించిన కొంచెము! మన పండుగలు, పందిళ్ళు, ధ్వనియంత్రములు, ఊరేగింపులు కరిగించి చూచినయెడల ఎంత నీరు మిగులును? ఎంతమంది పొరుగువానితో సమాధానపడిరి? ఎంతమంది అప్పు తీర్చిరి? ప్రతివాని పని ఎట్టిదో అగ్ని పరీక్షించునని అపొస్తలుడైన పౌలు మొదటి కొరింథీ పత్రిక మూడవ అధ్యాయములో హెచ్చరించెను.

ముందుగా చెప్పిన మాట తప్పిపోయినప్పుడు ఏమి చేయవలెనో కూడ వారియొద్ద నేర్చుకొనవచ్చును. 2015 జనవరి 26, 27 తేదీలలో న్యూయార్కు నగరమున 2 మొదలు 3 అడుగుల హిమము పడునని వాతావరణ శాఖ చెప్పెను. భూగర్భ రైళ్ళను సహితము నిలిపివేసిరి. తీరా తుపాను కొంచెము తూర్పునకు జరిగెను. నగరము నడుమనున్న సెంట్రల్ పార్కులో 9.8 అంగుళములే పడెను. బోస్టను నగరములో 2 అడుగులు పడెను. అప్పుడు ఆ ప్రాంతపు వాతావరణ అధికారి యొకడు, మమ్మును నమ్మి మీరు కష్టమైన నిర్ణయములు చేసికొంటిరి, మేము పొరబడితిమి అను భావముతో బహిరంగముగా క్షమాపణ చెప్పెను. ఈ సంవత్సరమే ప్రభువు వచ్చును, ఈ నెలలోనే నీకు స్వస్థత కలుగును అని దేవుడు చెప్పని మాట చెప్పి, అది జరుగకపోయినపుడు నోరు మూసికొను బోధకులకంటె ఆ అధికారి మేలుకాడా? ఆ దినమును గడియయు తండ్రికే తెలియునని మత్తయి 24వ అధ్యాయములో ప్రభువు స్పష్టముగా చెప్పెను. దినము చెప్పుట మన పని కాదు. మెలకువగా నుండుట మన పని.

ఇక సుమెయోను, అన్నల సంగతి. అన్న ఎనుబది నాలుగేండ్ల విధవరాలు. ఉపవాస ప్రార్థనలతో దేవాలయము విడువక యుండెను. ఎన్ని సాయంకాలములు ఆమె, నేడును రాలేదు అని తనలో చెప్పుకొని యుండును! అయినను మరునాటి ఉదయమున ఆమె తన చోటనే యుండెను. అందుచేతనే ఒక బీద తల్లి బిడ్డను ఎత్తుకొని వచ్చిన ఆ దినమున ఆమె అక్కడ లేకుండ పోలేదు. వేలాది జనులు ఆ శిశువును దాటి నడచిరి. సున్నలను నమ్మకముగా లెక్కించిన కన్నులే ఆయనను గురుతుపట్టెను.

కాబట్టి ప్రియులారా, ఈ నెల ఒక చిన్న పని చేయుదము. ప్రతి ఇంటను ఒక పుస్తకముంచి, మనము దేవుని అడుగుచున్న దానిని తేదీతో వ్రాయుదము. వచ్చినది వచ్చినదని, రానిది రాలేదని వ్రాయుదము. పొరుగింట దీవెన కురిసి మన ఇంట కురియనియెడల, వారి పుస్తకములోని లెక్కను చూచి వారితోకూడ సంతోషింతము. రాబోవు సాక్ష్యముల కూటములో, ఇంకను కనిపెట్టుచున్నవారికి మొదటి అవకాశమిత్తము. చాప చివరనున్న సహోదరి లేచి, నా భర్త ఇంకను మారలేదు, నేను ఇంకను ప్రార్థించుచున్నాను అని చెప్పునపుడు, సంఘమంతయు ఆమెతోకూడ మోకరించును గాక.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, హిమమును వర్షమును నీ సమయమున పంపు దేవా, మా ఖాళీ చేతులను నీకు దాచకుండ చూపుటకు ధైర్యమిమ్ము. నీవు ఆలస్యము చేసినట్లు మాకు తోచినను, మా కావలి స్థలమును విడువకుండ మమ్మును నిలుపుము. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.