లంద కడిగేదెవరు?

"మామా, నేను చెప్పుల డిజైన్ల పీజీ చేస్త."

మా అక్క బిడ్డ ఈ మాట అన్ననాడు ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. అక్క చేతిలో చేట అట్లనే ఆగింది. పిల్ల డిగ్రీ పాసైంది. బీఈడీ చేస్తదనుకున్నం, గ్రూప్స్ రాస్తదనుకున్నం.

"ఆ ఆరె ఇడిసిపెట్టాలనే గదనే మా నాయిన తమ్మున్ని సదివిచ్చింది! నువ్వు పైసలు కట్టి మల్ల పట్టుకుంటవా?" అని అక్క ఏడ్చింది.

పిల్ల నా దిక్కు చూసింది. నేను సర్కారు బడి పంతుల్ని. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మా మాదిగవాడలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తరు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మా తాత మోట బొక్కెనలు కుట్టిండు. ఆ బొక్కెన, ఆ తొండం లేకుంటే ఊళ్లో ఎకరం పారేది కాదు. తాత కుట్టిన తోలు రోజంతా దొర బాయిలో మునిగి లేచేది. కుట్టిన తాత మాత్రం ఆ బాయి గట్టు ఎక్కొద్దు. తోలుకు లేని అంటు చేతికెట్ల వచ్చింది? చచ్చిన గొడ్డును మోసుకొచ్చుడు, తోలు ఒలుచుడు, సున్నంలో నానేసి వెంట్రుకలు రాలగొట్టుడు, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరేసుడు, తొక్కుడు, కడుగుడు. ఇదంతా లందకాడి పని. దీనికి కూలి అనేదే లేదు. పంటలప్పుడు కల్లంకాడ విదిలిచ్చిన మేర గింజలే కూలి.

కరెంటు మోటర్లొచ్చి మోట పోయింది. నాయిన బస్టాండు ముందట గొడుగు పాతుకొని, తెగిన చెప్పులు కుట్టి నన్ను చదివించిండు. బళ్లో నా పక్కన కూసున్న పిలగాడు ముక్కు మూసుకుంటే, నేను ఇంటికొచ్చి నాయిన మీద కోపం చేసేటోన్ని. ముక్కు మూసుకున్నోని మీద కోపం రావడానికి నాకు చానా ఏండ్లు పట్టింది.

ఇంకొక మాట కూడా రాయాలె. నౌకరొచ్చినంక మండల కేంద్రంలో ఇల్లు కిరాయికి తీసుకున్న. ఒకనాడు తోటి టీచర్లను అన్నానికి పిలిచిన. పొద్దున్నే నా భార్యతో నాయిన పనిముట్ల పెట్టెను అటక మీద పెట్టమని చెప్పిన. ఆరె, తోలు కోసే కత్తి, గూటం, మైనం రాసిన దారం ఉండే పెట్టె అది. నాయిన విన్నడు. ఏమీ అనలేదు. తనే స్టూలేసుకొని పెట్టెను పైకెక్కించి, దాని మీద పాత చీర కప్పిండు. ఆ మధ్యాహ్నం టీచర్ల ముందర నేను అంబేద్కర్ గురించి చానా బాగా మాట్లాడిన.

1927లో మహాడ్ సభలో, చచ్చిన గొడ్డు మాంసం తినుడు మానుకోవాలని అంబేద్కర్ మనోళ్లకు చెప్పిండు. కులం అంటే ఉత్త పని విభజన కాదు, పనిచేసే మనుషులనే విడదీసుడు అని 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చిండు. నేను ఈ మాటలు చదివి పెరిగినోన్ని. అందుకే పిల్ల కోరిక వినంగనే, మనువు రాసిందే సర్టిఫికెట్ మీద అచ్చేసి ఇస్తున్నరు అనిపించింది. ఆ మాటే అన్న.

"మామా, బాబాసాహెబ్ ఇడిసిపెట్టమన్నది తోలునా, వెట్టినా?" అని అడిగింది పిల్ల.

కేంద్ర ప్రభుత్వం 1986లో ఒకే ఏడు రెండు సంస్థలు పెట్టింది. బట్టలకు నిఫ్ట్, చెప్పులకు ఎఫ్‌డీడీఐ. నిఫ్ట్ 1995లో హైదరాబాదుకు వచ్చింది. ఎఫ్‌డీడీఐని 2017లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థను చేసింది. దానికీ హైదరాబాదులో క్యాంపస్ ఉంది. అక్కడ చెప్పుల డిజైన్‌లో ఎం.డిజైన్ చెప్తరు. చెప్పులు, బట్టలు అమ్మే వ్యాపారంలో ఎంబీఏ చెప్తరు. హోటల్ మేనేజ్‌మెంట్ చదువు సంగతీ ఇంతే. రెండు గ్లాసుల ఊళ్లలో మా చేతి నీళ్లు తాగనోళ్ల మనుమలు ఇప్పుడు ఫీజు కట్టి, వచ్చినోనికి వంగి నీళ్లందించుడు నేర్చుకుంటున్నరు. దానికి పీజీ కూడా ఉంది.

పిల్ల సిలబస్ చూపించింది. లాస్ట్ అంటే చెప్పు తయారుచేసే పాదం అచ్చు. దాని మీంచి ప్యాటర్న్ తీసుడు, ఒక సైజు నుంచి తక్కిన సైజులు లెక్కగట్టుడు, కంప్యూటర్ మీద గీసుడు. నాయిన ఈ పేర్లు ఎన్నడూ వినలేదు. మనిషి కాలును తోలు మీద పెట్టించుకొని బొగ్గుతో గీత గీసేటోడు. బొటనేలు పక్కన కాయ కాసి ఉంటే అక్కడ వారు కొంచెం వదులు పెట్టేటోడు. అదే చదువు. అక్షరం లేదంతే. పెద్దకులపోని కొడుకు తోలు ముట్టుకుంటే డిజైనర్, మా నాయిన ముట్టుకుంటే మాదిగోడు. అంటే అంటు తోలులో ఏనాడూ లేదు. తోలు సాకుతో దాన్ని మా వొంటికి పూసిండ్రు.

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా కంపెనీ తన షోలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి వేయించి మగవాళ్లను నడిపించింది. కొల్హాపురి అన్న పేరు చెప్పలేదు. ఇక్కడ లొల్లి అయినంక, అవి భారతదేశ చేతివృత్తి చెప్పుల నుంచి తీసుకున్నవేనని ఒప్పుకున్నది. ఆ చెప్పులకు 2019లోనే జీఐ గుర్తింపు ఉంది. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాలు దాని కిందికొస్తయి. తరతరాలుగా కుట్టింది మనసొంటి తోలు కులాలోళ్లే. తోలు విద్య వాళ్లది, పేరు ఇంకొకరిది. మనం ఆరె ఇడిసిపెట్టి దూరం జరిగితే ఆ విద్య చచ్చిపోదు, వేరేటోని పేరు మీదికి పోతది. ఈ సంగతి నాకు పిల్ల చెప్పంగ తెలిసింది.

అయినా నా అనుమానం పూర్తిగా తీరలేదు. తాతకు కాదనే దారి లేదు. పిల్లకుంది. రేపు నచ్చకుంటే బ్యాంకు పరీక్ష రాసుకుంటది. ఆ తేడా పెద్దది, ఒప్పుకుంట. కానీ ఫీజు లక్షల్లో ఉంది. ఎస్సీలకు 15 శాతం సీట్లుంటయి గని, ల్యాప్‌టాప్, మెటీరియల్ ఖర్చు, ఆ ఇంగ్లీషు ఎవరిస్తరు? క్లాసులో ఎవడో నవ్వుకుంట "మీకిది రక్తంలోనే ఉంటది కదా" అంటడు. అది మెచ్చుకోలు అనే అనుకుంటడు వాడు. దానికి పిల్ల ఏం చెప్పాలె?

చివరికి అందరం నాయిన దగ్గరికి పోయినం. ఆయన ఇప్పుడు ఇంటికాడనే ఉంటడు. పిల్ల అంతా చెప్పింది. నాయిన శ్రద్ధగా విన్నడు.

"ఆ సదువుల లంద ఉంటదా బిడ్డా?" అని అడిగిండు.

"ఉండది తాతా. తోలు తయారై వస్తది. మనం గీసుడు, కుట్టిచ్చుడు."

"మరి దాన్ని కడుగుతున్నదెవరు?"

పిల్ల నోరు మెదపలేదు. నాకు రాణిపేట యాదికొచ్చింది. తమిళనాడులో తోళ్ల ఫ్యాక్టరీలుండే ఊరది. 2015 జనవరిలో అక్కడ ఆ ఫ్యాక్టరీల మురుగు నిలవచేసే తొట్టి గోడ కూలింది. నిద్రలో ఉన్న కూలీలు 10 మంది ఆ మురుగులో పడి చచ్చిపోయిండ్రు. లంద మా ఊళ్లో పూడిపోయింది గని, దేశంలో పూడిపోలేదు. మనం చదువుకొని పైకొచ్చినంక, మన జాగాలోకి ఇంకొకడు దిగిండు.

"సదువుకో" అన్నడు నాయిన. "గని వాన్ని మర్వకు."

మేం ఇంటికొచ్చినం. నేను స్టూలేసుకొని అటక మీది నుంచి పెట్టె దించిన. చీర మీద దుమ్ము పేరుకొని ఉంది. ఆరె మొన ఇంకా వాడిగనే ఉంది. పిల్ల దాన్ని తీసుకొని బ్యాగులో పెట్టుకుంది. అక్క చూసింది, ఏమీ అనలేదు.

పోయిన నెల మా బళ్లో పిల్లలతో మీ నాయిన ఏం పని చేస్తడో రాయమన్న. అంతకుముందు బోర్డు మీద నేనే మొదటి వాక్యం రాసిన: "మా నాయిన చెప్పులు కుట్టిండు." ఈ బళ్లో ఆ మాట రాయడానికి నాకు తొమ్మిదేండ్లు పట్టింది.