టైం ఎవరిది?

"టైం లేదు పెద్దమ్మా, ఆదివారం చూద్దాం."

ఈ మాట అన్నది నేనే. అప్పటికి నాకు టీచరుద్యోగం వచ్చి రెండేళ్లు. మా బళ్లో మధ్యాహ్న భోజనం వండే పెద్దమ్మ సాయంత్రం బడి వదిలాక నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. మా ఊళ్లు వేరైనా ఇద్దరిదీ మాదిగపల్లే. మిగతా అందర్నీ సారూ అనేది, నన్ను మాత్రం అబ్బయ్యా అనేది. మూణ్నెల్ల బిల్లు రాలేదంట. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు వండేవాళ్లే తెచ్చి వండాలి, ఆ డబ్బులు తర్వాత పిల్లల లెక్కన వస్తాయి. కొట్టాయన ఇక అరువివ్వనన్నాడు. "ఆఫీసరుకి ఒక అర్జీ రాసిపెట్టు అబ్బయ్యా. నాకు రాత రాదు గదా" అంది.

పావుగంట పని. కానీ నాకు బస్సు టైమయింది. డిసెంబరు 6 వర్ధంతి సభలో మాట్లాడాలి, దానికి నోట్సు రాసుకోవాలి. ఆ సభలో దళితులు సంఘటితం కావలసిన అవసరం గురించి అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. తర్వాత పరీక్షలు, పేపర్లు దిద్దటం, ఒక పెళ్లి. అట్లా మూడు ఆదివారాలు పోయినయ్. నాలుగో వారం వంటగదిలో వేరే మనిషి ఉంది. వంట బాగాలేదని పిల్లల తల్లిదండ్రులు అన్నారని కాగితం మీద రాశారు. ఆమె బిల్లు అడిగిందని ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ బడి ఏదో, ఆ కాగితం రాసిందెవరో ఇక్కడ రాయను. నేను రాయని కాగితం గురించే నా బాధ.

పొద్దస్తమానం పనిచేసి బతికేవాడు సంఘంలోకి రాకపోతే తప్పు పట్టొచ్చా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తిప్పింది. పట్టకూడదనే అనిపిస్తుంది. పూట గడవనివాడి దగ్గర నీతి మాట్లాడటం పొట్ట నిండినవాడి అలవాటు. కానీ తీరిక ఉన్నవాళ్లకి సంఘంతో పనేముంది? దాని అవసరం తీరిక లేనివాళ్లకే. ఈ రెండు మాటలూ నిజమే. ఈ రెంటి మధ్య ఎక్కడ కాలుపెట్టాలనేదే చిక్కు.

ఈ చిక్కు నేను పుస్తకంలో చదవలేదు, మా ఇంట్లో చూశాను. మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. కోడి కూసేయాళకి లేచి, నీళ్లు తెచ్చి, అన్నం వార్చి, మాకింత పెట్టి, తనకింత క్యారేజీలో పెట్టుకుని పొయ్యేది. పొద్దు గూకినాక వచ్చేది. చేతులకి నల్లటి జిగురు, సబ్బుకి కూడా వదిలేది కాదు. ఒకరాత్రి ఒక నాయకుడు మా పల్లెలోకొచ్చి మీటింగు పెట్టాడు. కూలి పెంచాలని రెండు గంటలు మాట్లాడాడు. మంచి మాటలే. మా చెల్లి ఏడుస్తుంటే అమ్మ మధ్యలో లేచింది. ఆడవాళ్లకి చైతన్యం లేదని మైకులోనే అన్నాడాయన. అమ్మ ఇంటికొచ్చి పొయ్యి ఊదుతా, "వాళ్లింట్లో ఎవురో ఒకతి వండిపెట్టబట్టే గదా ఆయన ఇంతసేపు మాట్లాడింది" అంది. నేను నవ్వాను. ఆ మాట లోతు తెలియడానికి నాకు డిగ్రీ, బీఈడీ, పెళ్లి, మూడూ కావలసి వచ్చినయ్.

బాబాసాహెబు 1938లో మన్మాడులో రైల్వే కార్మికుల సభలో మాట్లాడుతూ కార్మికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పాడు. ఆ ఏడే నవంబరు 7న కార్మికుల సమ్మె హక్కును కుదించే బిల్లుకు వ్యతిరేకంగా బొంబాయిలో కమ్యూనిస్టులతో కలిసి సమ్మె నడిపాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉంది. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించిన చట్ట సవరణ 1946లో వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలంటే మిగిలిన గంటల్లో మనిషి నిద్రపోవాలి, చదువుకోవాలి, పదిమందితో కూర్చోవాలని. కానీ ఆ ఎనిమిది గంటలు మా అమ్మ దాకా రాలేదు. షెడ్డులో పని దిగినాక ఇంట్లో మొదలయ్యే పనికి ఏ చట్టం గంటలు కట్టింది?

ఆ అమ్మ గంటల్లోంచే నా చదువు వచ్చింది. కాబట్టి నా టైం మొత్తం నా సొంతం అనుకోలేను. 1956లో ఆగ్రా సభలో చదువుకున్నవాళ్ల గురించి బాబాసాహెబు బాధపడ్డాడని ప్రతి జయంతికీ చెప్పుకుంటాం. చెప్పుకున్నాక ఏం చేస్తాం? ఉద్యోగస్తులం చందా ఇస్తాం. దండలకి, ఫ్లెక్సీలకి, బిరియానీ పొట్లాలకి ఇస్తాం. డబ్బులిచ్చి టైం దాచుకుంటాం. నేనూ అట్లాగే దాచుకున్నాను. పైగా నా దగ్గర ఇంకో సాకు ఉంది. ప్రభుత్వోద్యోగి పార్టీల్లో చేరకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతుంది. నిజమే. కానీ రాత రానామెకి అర్జీ రాసిపెట్టడం ఏ పార్టీ?

ఏడాది తర్వాత సిగ్గు చంపుకుని పెద్దమ్మ ఇంటికి పోయాను. మిరపకాయల కోతకి పోయి అప్పుడే వచ్చింది. కాళ్లు కడుక్కుంటా నన్ను చూసి కుర్చీ తెమ్మని మనవడిని కేకేసింది. ఇప్పుడు రాసిస్తాను, పై ఆఫీసరు దగ్గరకి నేనే తీసుకుపోతానన్నాను. "నాకిప్పుడెందుకులే అబ్బయ్యా. ఆ కొత్తగా వండే పిల్లకి రాసిపెట్టు. దానిక్కూడా బిల్లు రాలేదంట" అంది.

తన పని పోగొట్టుకున్న మనిషి, తన చోట కూర్చున్న మనిషి గురించి అన్న మాట అది. నా అరగంట ఉపన్యాసంలో లేనిది ఆ మాటలో ఉంది.

బదిలీ మీద ఈ మండలానికి వచ్చాక మొదలుపెట్టాను. ఆదివారం సాయంత్రం ఐదింటికి వంటవాళ్ల మీటింగని చుట్టుపక్కల బడులకి కబురు పంపాను. ఎనిమిది మంది వస్తామన్నారు. ఒక్కరూ రాలేదు. నాకు కోపమొచ్చింది. వీళ్లకోసం నేను ఆదివారం పాడుచేసుకుంటే వీళ్లు రారా అనుకున్నాను. ఆ నాయకుడు మైకులో అన్న మాట నా నాలిక చివరదాకా వచ్చింది. మర్నాడు అడిగితే తెలిసింది. ఒకామె కోతకి పోయింది. ఒకామె ఇంట్లో ముసలాయన మంచం మీద ఉన్నాడు. ఇంకొకామె, "ఐదింటికి పొయ్యి ముట్టియ్యకపోతే మా ఆయన ఊరుకోడు సారూ" అంది. ఐదు గంటలనేది నాకు కుదిరిన టైం. టీ తాగి, చొక్కా మార్చుకుని వచ్చే టైం.

నా భార్య ఇంకోటి చెప్పింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. "నీకు మీటింగుల టైం ఎక్కణ్నుంచి వచ్చిందనుకుంటన్నావు? నేను మిషను ఆపి పిల్లల్ని చూసుకుంటే వచ్చింది" అంది. జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఆదివారం వంట నాది. బాగా వండుతానని చెప్పను.

తర్వాత వాళ్లనే అడిగాను, మీకెప్పుడు కుదురుద్దని. శనివారం, పిల్లలు తిన్నాక, గిన్నెలు తోమే యాళ అన్నారు. మా బడి కుళాయి దగ్గరే కూర్చున్నాం. పక్క బడి నుంచి ఇద్దరొచ్చారు, తమ గిన్నెలు తోడు మనిషికి అప్పజెప్పి. నేను కాసేపు నిలబడి మాట్లాడాను. ఒకామె పీచు నా చేతికిచ్చి, "మాట్లాడుతానే తోము సారూ" అంది. అందరూ నవ్వారు. ఇరవై నిమిషాల్లో మీటింగయిపోయింది.

ఆ రోజు చేసింది ఒకటే. ఒక నోటుపుస్తకం కొన్నాం. ఏ నెల ఎంతమందికి వండారు, ఎంత అరువు తెచ్చారు, బిల్లు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు వచ్చింది. నోటితో చెబితే గోడు, తారీఖు వేసి రాస్తే లెక్క. నాలుగు నెలల లెక్క పట్టుకుని ముగ్గురు ఆఫీసుకి పోయారు. నేను పోలేదు, పాఠం ఉంది. పైగా పోయుంటే నేనే మాట్లాడేవాణ్ని. వాళ్లు పోయిన రోజు వాళ్ల బళ్లలో పొయ్యి ఆరకుండా మిగతావాళ్లు వంతులేసుకుని వండారు. రెండు నెలల బకాయి వచ్చింది. మిగతా రెండూ ఆ విడతలో రాలేదు.

దీన్నే ఉద్యమమంటానా? అనను. 2009 డిసెంబరు నుంచి నెలకి వెయ్యి రూపాయలు, మన రాష్ట్రంలో 2019లో మూడు వేలు, అదీ ఏడాదిలో పది నెలలకే. దాని పేరు గౌరవ వేతనం. జీతమంటే కార్మికులని ఒప్పుకోవాలి గదా. స్కీం వర్కర్లని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. ఏడుగురు చేరితే సంఘం నమోదుకి దరఖాస్తు పెట్టొచ్చని 1926 నాటి చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడులోనూ ఆ ఏడుగురి మాట ఉంది. మా కుళాయి దగ్గర ఏడుగురున్నారు. ముందు వాళ్లు కార్మికులేనా అన్నదే తేలాలి. వంట పనిలో ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పని ఇవ్వమంది. ఆ పనికి విలువ కట్టించుకోవడం మనమే చెయ్యాలి.

2023 డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేశారు. జనవరిలో ఎస్మా పెట్టినా లేవలేదు. ఆ ముచ్చట నేను ఉత్సాహంగా చెబుతుంటే మా వంటామె అడిగింది: "అన్ని రోజులు వాళ్ల ఇళ్లు ఎట్టా గడిచినయ్ సారూ?" నేను డిమాండ్ల గురించి చెబుతున్నాను, ఆమె పొయ్యి గురించి అడుగుతోంది. ఆ ప్రశ్న తర్వాతే మేం నెలకి ఇరవై రూపాయలు పక్కన పెట్టడం మొదలుపెట్టాం.

కారంచేడు మనందరం చెప్పుకుంటాం. 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. అందులోంచే దళిత మహాసభ పుట్టింది. కానీ దానికి ముందురోజు చెరువు దగ్గర మున్నంగి సువార్త ఏం చేస్తోంది? మీటింగుకి పోలేదు. నీళ్లకి పోయింది. తాగే నీళ్లు పాడుచేయొద్దన్న కుర్రవాణ్ని కొట్టబోతే అడ్డుపడి బిందె ఎత్తింది. పనిలో ఉన్న మనిషి, పనిముట్టు చేతిలో ఉండగానే ఎదురు తిరిగింది. ఆమె తీరిక చూసుకుని లేవలేదు.

విద్యార్థి మిత్రులు నన్ను అడుగుతుంటారు, ఎక్కడ మొదలుపెట్టాలి సార్ అని. కరపత్రం రాసేముందు, హాలు మాట్లాడేముందు, మీ హాస్టల్లో వండే ఆమెని, మీ కాలేజీ ఊడ్చే ఆమెని ఒకమాట అడగండి: అమ్మా, నీకెప్పుడు కుదురుద్ది? ఆమె చెప్పిన టైం మీకు కుదరకపోవచ్చు. కుదుర్చుకోండి. నేను ఆ మాట అడగడానికి ఒక మనిషి పని పోవలసి వచ్చింది.