సముద్రం దారి చూపించే మనవరాలికి

తళవాయిపురం



గోదావరి జిల్లాల నుంచి వచ్చే చుట్టాలను వ్యానులో ఎక్కించుకుని ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి, తూత్తుకుడి, తిరుచెందూరు ఒక్క రోజులో చూపించి తీసుకొస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పాంచాలంకురిచ్చిలో కుందేలు కథ చెబితే ఒకాయన నవ్వాడనీ, అది వట్టి కథేనని నువ్వు అనగానే ఒకావిడ నొచ్చుకుందనీ రాశావు. ఇకమీదట కథలు మానేసి తేదీలే చెప్పనా అని అడిగావు.

మానొద్దు తల్లీ. కథను కథలాగే చెప్పు, జరిగినదాన్ని జరిగినట్టే చెప్పు. ఏది ఏదో వినేవాళ్లకు తెలిసేలా చెప్పడమే నీ పని.

తరుముతున్న వేటకుక్కల మీద పాంచాలంకురిచ్చి నేలలో ఒక కుందేలు తిరగబడిందనీ, మట్టిలోనే పౌరుషం ఉందని అక్కడ కోట కట్టారనీ జనం చెప్పుకుంటారు. తిరుచెందూరులో పూజ కాగానే దారి పొడవునా మండపాల్లో గంటలు ఒకదాని వెంట ఒకటి మోగేవనీ, ఆ మోత కోటకు చేరాకే అక్కడి పాలెగాడు కట్టబొమ్మన్ విస్తరి ముందు కూర్చునేవాడనీ అంటారు. ఇష్టంగా చెప్పు. ఆ ప్రజలు తమ దొరను ఎలా తలచుకున్నారో ఆ కథల్లో తెలుస్తుంది. తర్వాత ఒక్క క్షణం ఆగి, 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆయన్ను ఉరి తీశారని చెప్పు. పాత కోటను ఇంగ్లీషువాళ్లు నేలమట్టం చేశారనీ, ఎదురుగా ఉన్నది 1974లో కట్టిన స్మారకమనీ కూడా చెప్పు. చాలామంది ఆ గోడలే అసలు కోట అనుకుని ఫొటోలు దిగి వెళ్లిపోతుంటారు. వాళ్ల ఉత్సాహం చల్లారుతుందని ఆ మాట దాచకు.

ఇంకో చోట నీకు మరింత జాగ్రత్త కావాలి. కట్టబొమ్మన్ తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల వంశంవాడు అనగానే మన చుట్టాల ముఖాలు వెలిగిపోతాయి. వెలగనీ. కానీ ఎట్టయాపురం పాలెగాళ్లూ తెలుగువాళ్లే. కట్టబొమ్మన్ ఈస్టిండియా కంపెనీతో చేసిన పోరులో వాళ్లు కంపెనీ పక్షాన నిలబడ్డారు. తమిళ దేశంలో ద్రోహిని తిట్టాలంటే ఈనాటికీ వాళ్ల పేరే పెట్టి తిడతారు. వీరుణ్ణి మనవాడని చెప్పుకునే నోరు రెండోవాడి దగ్గర మూతపడితే అది నిజాయితీ కాదమ్మా. ఇద్దరూ మన మాట మాట్లాడినవాళ్లేనని చెప్పు.

అలాగని ఎట్టయాపురాన్ని ద్రోహుల ఊరని ఒక్క ముక్కలో తేల్చేసి వ్యాను తిప్పేయకు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. ఆయన సమాధి అక్కడే ఉంది. ఆ ఇంటి వారసుడు సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో ఆ ఊళ్లోనే తెలుగులో అచ్చు వేయించారు. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకు అదెంత పెద్ద గ్రంథమో తెలుసు. 1882లో అక్కడే పుట్టిన కవి సుబ్రహ్మణ్యానికి చిన్నవయసులోనే ‘భారతి’ బిరుదు దక్కిందీ ఆ ఊళ్లోనే. నన్నడిగితే, కోట దగ్గర కాస్త తగ్గించైనా సరే, సమాధి దగ్గర ఇంకో పావుగంట ఉండాలి. బండిలో ఎవరికైనా కీర్తన వస్తే పాడమను.

తూత్తుకుడి దగ్గర రోడ్డు పక్కన ఉప్పుమళ్లు వస్తాయి. తెల్లటి ఉప్పు మీద పడ్డ ఎండ కళ్లలోకి కొడుతుంటే తట్టలు మోసే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లను అడగకుండా ఎవరినీ ఫోను ఎత్తనివ్వకు.

పనిమయ మాత చర్చి 1713 నాటిది. అక్కడ పరవల గురించి ‘పోర్చుగీసులు మతం మార్చినవాళ్లు’ అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి, అడుగుకు మునిగి ముత్యపుచిప్పలు ఏరిన జనం వాళ్లు. ఆ ముత్యాల రేవుల మీద పోటీలో నలిగి 1530లలో పోర్చుగీసుల అండ కోరారు, బాప్తిస్మం తీసుకున్నారు. ఆ చర్చి ముందు వాళ్లలో ఒక పెద్దాయన మాట్లాడటానికి ఒప్పుకుంటే నువ్వు పక్కకు తప్పుకో. ఆయన తమిళాన్ని తెలుగులో చెప్పు, చాలు.

రేవు దగ్గర వ.ఉ. చిదంబరం పిళ్లైని తలచుకోకుండా కదలకు. 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి ఇంగ్లీషు కంపెనీకి పోటీగా కొలంబోకు ఓడలు నడిపాడు. పోటీ కంపెనీ టికెట్ ధర తెగ్గోసి, గొడుగులు కూడా ఉచితంగా పంచిందని చెబుతారు. 1908లో ఆయన్ను జైలుకు పంపారు, అక్కడ నూనెగానుగ లాగించారు. ఊరి చరిత్ర అక్కడితో ఆగిపోలేదు. 2018 మేలో రాగి కర్మాగారానికి ఎదురు నిలిచిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే 13 మంది చనిపోయారు. ఎవరైనా అడిగితే మాట దాటేయకు.

తిరుచెందూరులో, 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మురుగన్ గుడిని ఆక్రమించి వెళ్తూ విగ్రహాలు పట్టుకుపోయారు. నడిసముద్రంలో తుఫాను వచ్చి వాటిని నీట వదిలేశారనీ, నిమ్మపండు తేలిన చోట, గరుడపక్షి చుట్టూ తిరిగిన చోట వెతికి వడమలైయప్ప పిళ్లై వెలికి తీయించాడనీ గుడి కథ. సముద్రం పక్కనే నాళికిణరు ఉంది. అడుగు వెడల్పున్న ఆ చిన్న బావిలో నీళ్లు తియ్యగా ఉంటాయి. దప్పిగొన్న సైన్యం కోసం మురుగన్ వేలాయుధం గుచ్చితే నీరు ఊరిందంటారు. పిల్లలు నిజమేనా అని అడుగుతారు. ఇసుకలో ఇంకిన వాననీరు బరువైన ఉప్పునీటి మీద తేలి నిలుస్తుందనీ, తీరాన లోతు తక్కువ బావుల్లో మంచినీళ్లు పడటానికి అది కారణమనీ వివరించు. వేలాయుధం కథ మాత్రం ముందు చెప్పు, దాని కోసమే ఇన్నేళ్లుగా జనం ఆ మెట్లు దిగుతున్నారు.

మధ్యాహ్నం ఎండలో పెద్దవాళ్లను ఇసుకలో నడిపించకు. తిరిగి బయలుదేరే ముందు డ్రైవరు భోంచేశాడో లేదో నువ్వే అడుగు.

ఇట్లు,
మీ తాతయ్య