ఆకు తిప్పి చూడు బుజ్జీ

బుజ్జీ, ఫొటో చూశాను. మీ బాయిసీ ఊరి కొండవాలు, నడుమెత్తు పొద, ఒళ్లంతా పసుపు పూలు. కింద ‘ఇది సేజ్‌బ్రషే తాతయ్యా’ అని నువ్వే తేల్చేశావు. నిన్నేమీ అనను. పోయిన మే నెలలో మీ ఊరొచ్చినప్పుడు నేనూ అలాంటి పొద ముందే నిలబడి అదే మాట అన్నాను. ముప్పయ్యేళ్లు పిల్లలకు బాటనీ చెప్పినవాణ్ణి!

తప్పుదోవ పట్టించేది ఆకు. సేజ్‌బ్రష్‌కీ, దానిలాగే కనిపించే బిట్టర్‌బ్రష్‌కీ ఆకు చివర మూడు పళ్లే. శాస్త్రీయ నామాల్లోనూ రెంటికీ ‘ట్రైడెంటాటా’ అనే తగిలించారు, మూడు పళ్లదని. కనక పళ్లు లెక్కపెట్టి ఆగిపోకు. ఒక్క ఆకు తుంచి వేళ్ల మధ్య నలుపు. సేజ్‌బ్రష్ అయితే ఘాటు గుప్పుమంటుంది. మన దవనానికీ, చవితి పత్రిలో వేసే మాచిపత్రికీ అది దాయాది. ఆ రోజు మీ అమ్మమ్మ ఓ రెమ్మ కొంగున ముడేసుకుంటే కారంతా అదే వాసన.

ఘాటు రాలేదా, ఆకు వెనక్కి తిప్పు. పైన ఆకుపచ్చ, అడుగున తెల్లటి నూగు, అంచులు కిందికి ముడుచుకుని ఉంటే అది బిట్టర్‌బ్రష్. గులాబీ కుటుంబం. పువ్వులో ఐదు రేకులూ విడివిడిగా లెక్కకొస్తాయి. సేజ్‌బ్రష్‌కి అలా రేకులు విప్పే పువ్వే లేదు. వేసవి దాటాక గాలికి పుప్పొడి వదిలే పిసరంత గుత్తులు, అంతే. సెప్టెంబరులో పచ్చగా పూసేది ఇంకోటుంది, రాబిట్‌బ్రష్. దాని ఆకు సన్నగా, పళ్లు లేకుండా ఉంటుంది. అందుకే ఫొటో మీద తేదీ ఉండాలంటాను.

నీ బిట్టర్‌బ్రష్‌ని 1806 జులైలో అన్వేషకుడు మెరీవెదర్ లూయిస్ మోంటానాలో కోసి, ఎండబెట్టి తీసుకెళ్లాడు. ఆ ఎండు కొమ్మలు పట్టుకుని 1814లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పర్ష్ పుస్తకంలోకెక్కించాడు. తర్వాత ఆయన పేరే మొక్కకు పెట్టారు: పర్షియా. ఎండినదాంట్లోనే ఆయనకంత కనిపించింది, నీకు పచ్చి మొక్కే ఎదురుగా ఉంది.

పేరులో చేదుందని నమిలి చూడబోకు. కొమ్మలూ విరవకు, చలికాలంలో అది మ్యూల్ జింకల మేత. ఒక్క ఆకు చాలు. దాని అడుగువైపు ఫొటో తీసి పంపు. కొలత తెలిసేలా పక్కన రూపాయి బిళ్ల పెట్టు... అక్కడ రూపాయెక్కడిదిలే, మీ సెంటు బిళ్లే పెట్టు.